సినిమా పాటల వెనక వాయిద్యకారుల మీద పుస్తకం వేశాను: మూడున్నరేళ్ల అనుభవం

నా పుస్తకం 2024 డిసెంబరులో అచ్చయింది. తెలుగు సినిమా పాటలకు వయొలిన్, ఫ్లూట్, తబలా, వీణ వాయించినవాళ్ల గురించి రాశాను. పని మొదలుపెట్టింది 2021 జూన్‌లో. ఈ మధ్య సంగీతం మీద రాయాలనుకునే పిల్లలు, రిటైరైన తోటి జర్నలిస్టులు ఫోన్ చేసి అడుగుతున్నారు: ఎలా వేశారు, ఎంతయింది, పబ్లిషర్‌ని పట్టుకోవాలా, మనమే వేసుకోవచ్చా అని. జరిగింది జరిగినట్టు ఒకచోట రాస్తే అందరికీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఒక మాట మాత్రం ముందే చెప్పాలి. రాయడానికి పట్టిన టైమ్ తక్కువ. పేర్లు సరిచూసుకోవడానికి పట్టిందే ఎక్కువ.

2006లో హైదరాబాద్‌లో ఒక దినపత్రిక సినిమా పేజీలో చేరాను. అప్పట్లో పాటల క్యాసెట్, సీడీ విడుదలంటే పెద్ద వార్త. శిల్పకళావేదికలో ఆడియో ఫంక్షన్ ఉంటే రాత్రి పదకొండు దాటాక ఆఫీసుకొచ్చి వార్త కొట్టి చివరి ఎడిషన్‌కి అందించేదాన్ని. వారం వారం ఆడియో సమీక్ష రాసేదాన్ని. తర్వాత సీడీలు పోయాయి, ఆడియో ఫంక్షన్లు ప్రీ రిలీజ్ ఈవెంట్లు అయ్యాయి, పాటలు ఒక్కొక్కటిగా యూట్యూబ్‌లోకి వచ్చాయి. నా సమీక్ష కాలమ్ సగానికి తగ్గి, చివరికి ఆగిపోయింది.

2020 సెప్టెంబర్ 25న బాలు గారు పోయారు. మధ్యాహ్నం వార్త వచ్చింది, సాయంత్రానికల్లా పేజీలు నింపాలి. తెలిసిన వాళ్లందరికీ ఫోన్లు చేస్తూ, కృష్ణానగర్‌లో ఉండే ఒక పెద్ద వయొలిన్ మాస్టారుకీ చేశాను. ఆయన మద్రాసులో మొదలై, పరిశ్రమ ఇటు వచ్చేసినప్పుడు హైదరాబాద్ చేరినవారు. చాలాసేపు మాట్లాడారు. పాత రోజుల్లో గాయకుడు, ఆర్కెస్ట్రా అంతా ఒకేసారి వాయించి రికార్డు చేసేవాళ్లని, ఒక్కరు తప్పినా మళ్లీ మొదటి నుంచీ అని చెప్పారు. తన ముందు వరసలో ఎవరు, పక్కన ఎవరు, వెనక సెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యం) వాయించింది ఎవరు అంటూ పేర్లు చెబుతూ పోయారు. పద్నాలుగేళ్లుగా సినిమా సంగీతం మీద రాస్తున్నాను. ఆ పేర్లలో చాలావాటిని అచ్చులో ఎక్కడా చూడలేదు. ఫోన్ పెట్టేశాక ఏడుపొచ్చింది, బాలు గారి కోసం కొంత, ఈ పేర్ల కోసం కొంత.

ఆ తర్వాత కొద్ది నెలలకే మా పత్రిక సినిమా అనుబంధం మూసేశారు, ఉద్యోగమూ పోయింది. విడిగా వ్యాసాలు రాయడం మొదలుపెట్టాను. వ్యాసానికి ₹1,500 నుంచి ₹2,500 వచ్చేది, అదీ రెండు మూడు నెలల తర్వాత. 2021 జూన్‌లో చెన్నైలో పట్రాయని సంగీతరావు గారు నూరేళ్ల వయసులో కన్నుమూశారు. ఘంటసాల గారి పక్కన దశాబ్దాల పాటు హార్మోనియం మీద కూర్చున్న మనిషి. ప్రయాణాలు కుదుటపడగానే ఆయన్ని కలవాలని ప్రశ్నలు రాసిపెట్టుకున్నాను. ఆ కాగితాలు అలాగే ఉండిపోయాయి. ఇక ఆగకూడదనిపించి ఆ వారమే కృష్ణానగర్ మాస్టారింటికి వెళ్లాను.

ఆయన బీరువా పైనుంచి ఒక రేకు పెట్టె దింపించారు. నిండా జేబు డైరీలు, ఎల్ఐసీ వాళ్లిచ్చినవి, బట్టల కొట్టు వాళ్లిచ్చినవి. తేదీకి ఒక్క లైను: స్టూడియో పేరు, సంగీత దర్శకుడి పేరులో మొదటి అక్షరం, ఎన్ని పాటలు, చివర రూపాయల అంకె. ఆ అంకె చుట్టూ గీత చుట్టి ఉంటే డబ్బు ముట్టినట్టు, లేకపోతే రానట్టు. చుట్టని అంకెలు చాలానే ఉన్నాయి. పాట పేరు మాత్రం ఒక్క పేజీలో కూడా లేదు. ఎందుకు రాసుకోలేదు మాస్టారూ అంటే, "నోట్స్ ఇస్తారు, వాయిస్తాం, లేచి ఇంకో స్టూడియోకి పరిగెడతాం. అది ఏ సినిమానో మాకెవరు చెప్పారు తల్లీ?" అన్నారు.

అక్కడి నుంచి అసలు పని మొదలైంది. డైరీలో తేదీ, సంగీత దర్శకుడు, స్టూడియో తెలిస్తే, ఆ తర్వాతి నెలల్లో విడుదలైన సినిమాలు వెతకాలి. అందులో ఏ పాటకి వయొలిన్లు ఎక్కువున్నాయో వినాలి. ఆ పాట మాస్టారుకి వినిపించాలి. పాత 78 ఆర్‌పీఎం రికార్డు లేబుల్ మీద పాట, సినిమా, గాయకులు, సంగీత దర్శకుడు ఉంటారు, వాయించినవాళ్లు ఉండరు. థియేటర్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద ఇప్పటికీ దొరుకుతాయి. ఒక్కోటి ₹50కి మొదలై, పాతబడ్డకొద్దీ ₹300 దాకా చెబుతారు. వాటిలో కూడా ఆర్కెస్ట్రా పేర్లు అరుదే, కానీ విడుదల సంవత్సరం, కంపెనీ ఖాయం చేసుకోవడానికి అక్కరకొచ్చాయి. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయంలో పాత సినిమా పత్రికలు తిరగేస్తూ మధ్యాహ్నాలు గడిపాను. అక్కడ చదవాలనుకునేవాళ్లు పెన్సిలూ, నోటు పుస్తకమూ తీసుకెళ్లండి.

మాస్టారుకి పాట వినిపించడం గురించి కొంచెం చెప్పాలి. ముందు ఫోన్ స్పీకర్లో పెట్టాను. ఆయనకేమీ తెలియలేదు. చెవి మందం కాబోలనుకున్నాను. మర్నాడు మంచి హెడ్‌ఫోన్స్ తెస్తే రెండో చరణానికి ముందొచ్చే బిట్ దగ్గర చెయ్యెత్తి ఆపమన్నారు. "ఇది నాది కాదమ్మా, నా పక్కాయనది. కమాను కిందికి లాగేటప్పుడు చివర్లో కాస్త నొక్కుతాడు, విను." నాలుగైదుసార్లు విన్నాక నాకూ వినిపించింది. ఆ రోజు నుంచి ఆ పాట నాకు వేరేలా వినిపిస్తోంది. జర్నలిస్టుగా నేను నేర్చుకున్న పెద్ద పాఠం ఆ గదిలోనే నేర్చుకున్నాను.

ఒక నియమం పెట్టుకున్నాను: రెండు ఆధారాలు లేకుండా ఏ పాట కిందా ఎవరి పేరూ రాయకూడదు. డైరీ ఒకటైతే, పక్కన వాయించినవాళ్ల మాటో ఫొటోనో రెండోది. ఈ నియమం వల్ల మనసు కష్టపడిన రోజులున్నాయి. చాలా పేరున్న ఒక పాటలో ఫ్లూట్ తమ నాన్నదే అని మూడు కుటుంబాలు చెప్పాయి. ముగ్గురూ అబద్ధం చెప్పడం లేదు. ఇళ్లలో అలా చెప్పుకుంటూ వచ్చారు, అంతే. ఏడాది దాటినా తేలకపోయేసరికి ఆ పాటే వదిలేశాను. అందులో ఒక కూతురు, "మా నాన్న పేరు మీ పుస్తకంలోనైనా వస్తుందనుకున్నాను" అని ఫోన్ పెట్టేసింది. ఆయన వాయించినట్టు రుజువున్న వేరే రెండు పాటల కింద ఆయన పేరుంది. పుస్తకం పంపాక ఆమె మళ్లీ మాట్లాడింది.

ఇంకో చిక్కు, చాలామందికి వాయిద్యమే ఇంటిపేరయింది. వీణ చిట్టిబాబు గారిలా లోకానికి తెలిసినవారైతే ఇబ్బంది లేదు. తెలియనివాళ్లలో ఒకే పేరుతో ఇద్దరు ముగ్గురుంటే, అసలు ఇంటిపేరు కోసం పిల్లల ఆధార్ కార్డుల దాకా వెళ్లాల్సి వచ్చింది.

చెన్నై ప్రయాణాలకి, బసకి కలిపి ₹30,000 దాకా అయింది. సాయంత్రం చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి అక్కడ. వడపళని, సాలిగ్రామం వైపు ఇళ్లు. అక్కడ నేను అనుకోనిది ఒకటి ఎదురైంది. వాయిద్యకారుల పిల్లలు, మనవలు ఇంట్లో చక్కటి తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు, చదువంతా తమిళంలోనో ఇంగ్లిష్‌లోనో అయింది. వాళ్ల నాన్న గురించి రాసిన భాగం సరిచూడమని కాగితం ఇస్తే బిక్కమొహం వేశారు. అప్పటి నుంచి ప్రతి భాగాన్నీ నేనే చదివి వాట్సాప్‌లో ఆడియో పంపాను. వాళ్లు విని, తప్పులుంటే ఆడియోలోనే చెప్పేవారు. ఒకాయన మూడు నిమిషాల ఆడియోలో రెండు నిమిషాలు ఏమీ మాట్లాడలేకపోయారు.

రాత 2023 జులైకి పూర్తయింది. ఆగస్టులో ఒక ప్రచురణ సంస్థకి ఇచ్చాను. నెలలో చెబుతామన్నారు. దసరా పోయింది, సంక్రాంతి పోయింది. ఫోన్ చేస్తే చదువుతున్నామనేవారు. ఆ ఏడెనిమిది నెలల టెన్షన్ మాటల్లో చెప్పలేను. వేరే పని మీద మనసు నిలవదు, వేరే వాళ్లకి ఇవ్వడానికి మనసొప్పదు. 2024 మార్చిలో జవాబొచ్చింది: పేర్ల పట్టికలు తీసేసి, గాయకుల కబుర్లు పెంచితే వేస్తాం, మీరు 200 కాపీలు కొనుక్కోవాలి, రాయల్టీ పది శాతం. రాయల్టీ న్యాయమైనదే. పట్టికలు తీసేస్తే మాత్రం నేను పుస్తకం రాయాల్సిన పనే లేదు. నమస్కారం పెట్టి వెనక్కి తెచ్చుకున్నాను. మీరు ఎవరికైనా ఇచ్చేటప్పుడు ఎన్నాళ్లలో చెబుతారో మెయిల్‌లో రాయించుకోండి. గడువు దాటితే ఇంకొకరికి చూపించే వీలుండాలి.

తర్వాత పాటల సాహిత్యం సంగతి. మొదటి ప్రతిలో ఒక్కో అధ్యాయం మొదట్లో పల్లవి మొత్తం పెట్టాను. అనుమతి కోసం ఒక మ్యూజిక్ కంపెనీకి మెయిల్ చేస్తే రెండు నెలలకి జవాబొచ్చింది, పాటకింత అని. ఆ లెక్కన అచ్చు ఖర్చు కంటే అనుమతుల ఖర్చే ఎక్కువయ్యేది. ఒక వకీలుకి ₹3,000 ఇచ్చి సలహా తీసుకున్నాను. పాతవే కదా అనుకుంటాం. పాటల రచయిత పింగళి నాగేంద్రరావు గారు 1971లో పోయారు. రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కులుంటాయి కాబట్టి, ఆయన మాటల మీద 2031 చివరి దాకా ఎవరో ఒకరికి హక్కున్నట్టే. విమర్శ, సమీక్ష కోసం కొంత ఉటంకించడానికి కాపీరైట్ చట్టం సెక్షన్ 52 వీలిస్తుంది, అలంకారంగా పల్లవి మొత్తం పెట్టుకోవడానికి కాదు. పల్లవులన్నీ తీసేసి, ఆ చోట్ల వాయిద్యం ఏం చేస్తోందో మాటల్లో వర్ణించాను. ఆ అధ్యాయాలు తిరిగి రాయడానికి వేసవి అంతా పట్టింది. నిజం చెప్పాలంటే పుస్తకం దానివల్లే బాగుపడింది.

జులై నుంచి డీటీపీ, అంటే కంప్యూటర్లో పేజీలు కట్టే పని. నేను యూనికోడ్‌లో టైప్ చేశాను. మన ప్రెస్సుల్లో చాలామంది ఇంకా పాత ఫాంట్లలోనే పేజీలు కడతారు. మార్చేటప్పుడు కొన్ని వొత్తులు ఎగిరిపోయాయి, బ్రాకెట్లు తిరగబడ్డాయి, అంకెలు గుర్తులయ్యాయి. సంవత్సరాలూ పేర్లూ నిండిన పుస్తకానికి అంతకంటే ప్రమాదం లేదు. పేజీకి ₹40 లెక్కన 256 పేజీలకి ₹10,240 డీటీపీకి, పేజీకి ₹20 లెక్కన ₹5,120 ప్రూఫ్ రీడర్‌కి ఇచ్చాను. పేర్లు మాత్రం నేనే, డైరీల ఫొటోలు పక్కన పెట్టుకుని చూశాను.

చివర్లో పేర్ల సూచిక పెడతానంటే డీటీపీ అబ్బాయి, "ఎవరు చూస్తారు మేడమ్, తెలుగు పుస్తకాల్లో ఎవరూ పెట్టరు" అన్నాడు. పెట్టాల్సిందేనన్నాను. అకారాది క్రమంలో, ఇంటిపేరుతో ఒకసారి, వాయిద్యంతో పిలిచే పేరుతో ఒకసారి. పేజీలు కాస్త జరిగినా అన్ని నంబర్లూ మారిపోతాయి కాబట్టి ఫైనల్ పేజీలు కుదిరాకే సూచిక చేయాలి. దానికే మూడు వారాలు పట్టింది. తర్వాత బుక్ ఫెయిర్‌లో చూశాను, వాయిద్యకారుల ఇళ్లవాళ్లు వచ్చి ముందు తిప్పింది చివరి పేజీలనే.

ఐఎస్‌బీఎన్ (పుస్తకానికిచ్చే గుర్తింపు నంబరు) కోసం ఏజెంట్లు వేలల్లో అడుగుతారు. ఇవ్వకండి. రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, రచయిత సొంతంగా ఆన్‌లైన్‌లో అప్లై చేసుకోవచ్చు. నాకు మూడు వారాల్లో వచ్చింది. కవర్ డిజైన్ అయ్యేలోపు నంబర్ చేతిలో ఉండేలా చూసుకోండి, వెనక అట్ట మీద బార్‌కోడ్‌కి చోటు వదలాలి. కవర్‌కి ₹7,000 ఇచ్చాను.

ఫొటోలు ఇంకో కథ. పాత ఆల్బమ్‌ల నల్ల అట్టల మీద అతికించిన ఫొటోలు పీకితే చిరుగుతాయి. అందుకే ఆల్బమ్‌తో సహా స్కాన్ చేయించాను. మామూలు 70 జీఎస్ఎం కాగితం మీద శాంపిల్ తీయిస్తే మొహాలన్నీ నల్లగా అలుక్కుపోయాయి. మొహాలు కనిపించని ఫొటోలు వేసి లాభమేముంది? 8 పేజీలు విడిగా ఆర్ట్ పేపర్ మీద వేయించాను, దానికి ₹9,000 అదనం.

అచ్చుకి నవంబర్ మొదట్లో ఇచ్చాను, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర ఒక ప్రెస్సులో. డెమ్మీ సైజు, 500 కాపీలు, కాపీ ₹118 పడింది, మొత్తం ₹59,000. పది రోజులన్నవాళ్లు నెల చేశారు. డిసెంబరులో బుక్ ఫెయిర్ ఉంటుంది కాబట్టి ఊళ్లో అందరూ నవంబరులోనే ప్రెస్సుల మీద పడతారు. మీరు సెప్టెంబర్‌లోనే ఇచ్చేయండి. కాపీలు ఇంటికొచ్చాక ప్రతి ఒక్కటీ తిప్పి చూడండి. కొన్నింటిలో ఒక ఫారం (ఒకేసారి అచ్చయ్యే పేజీల కట్ట) రెండుసార్లు పడింది, ఇంకో ఫారం లేనేలేదు. అడిగితే మార్చి ఇచ్చారు.

ఆవిష్కరణ చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో పెట్టుకున్నాం. హాలు, మైకు, టీ టిఫిన్లు, ఫ్లెక్సీ, శాలువాలు కలిపి ₹15,000. కృష్ణానగర్ మాస్టారు వీల్‌చైర్‌లో వచ్చారు. వేదిక మీద పెద్దలెవరూ వద్దు, వాయించినవాళ్లే కూర్చోవాలని ముందే అనుకున్నాను, అలాగే జరిగింది. వాళ్లలో ఇద్దరు ముప్పై ఏళ్ల తర్వాత ఒకరినొకరు చూసుకున్నారు. సభ మొదలుపెట్టడానికి అరగంట ఆలస్యమైంది, వాళ్ల మాటలు ఆపడానికి ఎవరికీ మనసు రాలేదు.

డిసెంబర్ 19 నుంచి 29 దాకా ఎన్టీఆర్ స్టేడియంలో బుక్ ఫెయిర్. ఒక మిత్రుడి స్టాల్‌లో మూల ఇచ్చారు. పుస్తకం ధర ₹300, ఫెయిర్‌లో పది శాతం తగ్గించి ₹270. అక్కడ 150 దాకా పోయాయి. సరిగ్గా దానికి ముందు రోజు, డిసెంబర్ 18న, పోస్టాఫీసుల్లో రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ సర్వీసు ఆగిపోయింది. ఊళ్ల నుంచి అడిగినవాళ్లకి తక్కువ ఖర్చుతో పంపొచ్చని వేసుకున్న లెక్క తారుమారైంది. పోస్టు ఖర్చు విడిగా అడగడానికి మొహమాటపడి కొన్నాళ్లు నేనే పెట్టుకున్నాను. మీరు ధర వేసేటప్పుడే పంపే ఖర్చు కూడా లెక్కలోకి తీసుకోండి.

చాలామందికి తెలియనిది ఇంకొకటుంది. 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వచ్చిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా గ్రంథాలయానికి, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకి ఒక్కో కాపీ మన ఖర్చుతో పంపాలి. నేను పంపాను. చెన్నై కాపీ ప్యాక్ చేస్తుంటే ఎందుకో చాలా సంతోషమేసింది. ఈ పేర్ల వాళ్లు జీవితమంతా పనిచేసిన ఊరు అది.

ఇక డబ్బు. మొత్తం ఖర్చు ₹1,38,000 పైచిలుకు. పుస్తకాల షాపుల వాళ్లు 40 శాతం ఉంచుకుంటారు, అంటే మనకి కాపీకి ₹180, అదీ అమ్ముడయ్యాక మూడు నుంచి ఆరు నెలలకి. షాపుల్లో 150, నా దగ్గర నేరుగా 70 పోయాయి. కుటుంబాలకీ సమీక్షలకీ 60 దాకా ఇచ్చాను. వెనక్కి వచ్చింది ₹88,000 చిల్లర. మిగిలిన 70 అమ్ముడైనా పెట్టిన డబ్బు వెనక్కి రాదు. మూడున్నరేళ్ల శ్రమకి లెక్కే లేదు. మా ఇల్లు మా ఆయన జీతం మీద నడిచింది కాబట్టి ఇది సాధ్యమైంది. ఇంటి అద్దె మీ సంపాదన నుంచే కట్టాల్సి ఉంటే ఉద్యోగం చేస్తూనే రాసుకోండి, ఇంకో రెండేళ్లు ఎక్కువ పట్టినా సరే.

పుస్తకం వల్ల వచ్చిన పని మాత్రం ఉంది. సంగీత కళాశాలల్లో మాట్లాడటానికి పిలుస్తున్నారు, వ్యాసానికి ఇచ్చే డబ్బు కొంచెం పెరిగింది. అన్నిటికంటే ముఖ్యంగా, కొత్త పేర్లు వస్తున్నాయి. విశాఖపట్నం నుంచి ఒకావిడ తన తండ్రి డైరీలు పెట్టెతో సహా తెచ్చి ఇచ్చారు. మాస్టారు డైరీల్లో ఉన్న తేదీలు, ఆవిడ తండ్రి డైరీల్లో ఉన్న తేదీలు చాలాచోట్ల కలుస్తున్నాయి. నేను ఆధారం లేక వదిలేసిన కొన్ని పాటలకి ఇప్పుడు రెండో ఆధారం దొరికింది. రెండో ముద్రణకి ఆ పనే చేస్తున్నాను.

మీ ఇంట్లోనో, బంధువుల ఇంట్లోనో సినిమాలకి వాయించినవాళ్లు ఉంటే, వాళ్ల డైరీలు, కాల్‌షీట్ చీటీలు, గ్రూప్ ఫొటోలు పాత కాగితాలవాడికి వేసేయకండి. ఫొటోల వెనకవైపు కూడా స్కాన్ చేయండి, తేదీ, స్టూడియో ముద్ర అక్కడే ఉంటాయి. పెన్సిల్‌తో రాసిన పేజీలైతే ఎండలో పెట్టకుండా నీడలో, వెలుతురు పక్కనుంచి పడేలా ఫోన్‌తో తీయండి. వెలిసిపోయిన అక్షరం కూడా అలా తీస్తే చదవడానికి వస్తోంది.